తెల్లమ్మకు రాసిన మందు

“మందు రాస్తున్నరా అంకుల్?”

“రాస్తున్నానమ్మా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పలచగా.”

డాక్టర్ రుచిత స్టీలు బల్లమీద కూర్చున్న కుందేలు బొచ్చును వేళ్లతో పాయ తీసి చూసింది. వీపుమీద తెల్లటి పొట్టు పొరలుగా లేచి బల్లమీదికి రాలింది. నాలుగు రోజుల కిందట ఉన్నదానికంటే కాస్త ఎక్కువే ఉంది.

“మరి తగ్గలేదేంది?”

“వేరే మందు ఏదైనా ఇచ్చి చూడండమ్మా,” అన్నాడు బాపిరాజు. ఒక చేత్తో కుందేలు కళ్లకు అడ్డుపెట్టి, రెండో చేత్తో దాని చెవుల మొదళ్లు నిమురుతున్నాడు. అలా పట్టుకుంటే కుందేలు బెదరదని పటాన్‌చెరులోని రుచిత క్లినిక్కుకు వచ్చేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆమెకు ముచ్చటేసింది.

ఆ కుందేలు పేరు తెల్లమ్మ. వయసు తొమ్మిదేళ్లు, అంటే కుందేళ్లలో పండు ముసలిది. బాపిరాజు భీమవరం నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. బొల్లారం కంపెనీలో రిటైరైన రోజు దీన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడే రుచిత దాని వీపుమీద టేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. పురుగు లేదు. నడుం వంగక తన వీపు తాను నాక్కోలేకపోతోందని, అందుకే చర్మం ఎండిపోతోందని చెప్పింది. స్నానం చేయించొద్దంది. మెత్తటి బ్రష్షుతో దువ్వమంది, ఆకుకూరలు కడిగి తడితోనే పెట్టమంది, ఒక ఆయింట్‌మెంటు ఇచ్చింది. ఆయన అన్నీ కాగితంమీద రాసుకున్నాడు.

“సరే, మారుస్తున్న. ఇది కడుపులకు పోయినా ఏం కాదు. ఇంటికి పోంగనే మొదలువెట్టండి.”

బాపిరాజు కొత్త ట్యూబుమీది చిన్న అక్షరాలన్నీ చదివి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన వెళ్లాక, బల్ల తుడుస్తున్న క్లినిక్ సహాయకుడు సత్తయ్య నవ్వాడు.

“మేడం, గా పెద్దమనిషి మందు కుందేలుకు రాస్తలేడు.”

“మరి?”

“తనే రాసుకుంటుండు. మోచెయ్యి కాడ సూసిన, ఎర్రగ అయింది. మన ఆయింట్‌మెంటు వాసనే. తన గజ్జి సూపిచ్చుకోనీకి సిగ్గువడి, కుందేలును అడ్డం పెట్టుకున్నట్టుండు.”

“ఊకో సత్తయ్యా. గంత మంచిగ చూసుకుంటడు దాన్ని.”

అలా అన్నదే గాని, తెల్లమ్మ బొచ్చుకు ఆ వాసన లేదన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే బాపిరాజు మళ్లీ వచ్చాడు. వెంట భార్య వెంకటలక్ష్మి కూడా ఉంది. తెల్లమ్మ వెనకకాలితో గీరుకుని గీరుకుని, కాలందిన చోట వీపుమీద రూపాయి బిళ్లంత పుండు చేసుకుంది.

రుచితకు కోపమొచ్చింది. “అంకుల్, చొక్కా చెయ్యి పైకి మడవండి.”

ఆయన మడిచాడు. మోచేతి లోపలివైపు బాల్‌పెన్నుతో గీసిన రెండు చదరాలు. ఒక్కోదాని పక్కన తేదీ, టైము. ఒక చదరం ఎర్రగా కందిపోయి ఉంది. రెండోది మామూలుగానే ఉంది.

“ఏందిది?”

“నేను చెప్తానమ్మా,” వెంకటలక్ష్మి అందుకుంది. “దీనికి ఏ మందైనా ముందు ఈయన ఒంటిమీద చూడాలంట. ఇరవైనాలుగు గంటలకోసారి, నలభైయెనిమిదికోసారి, డెబ్బైరెండుకోసారి. ఫోన్లో అలారం పెట్టుకుని మరీ చూసుకుంటారు. అప్పటిదాకా చుక్క రాయనివ్వరు. నేను రాస్తానంటే ట్యూబు దాచేశారు. నా పాదాలు పగిలి నెత్తురొచ్చినా ఇంత శ్రద్ధ లేదండి ఈ మనిషికి!”

“మొదటిది నాకు మంట పెట్టిందమ్మా,” అన్నాడు బాపిరాజు తలొంచుకుని. “నోరులేనిది, మంటగా ఉందని చెప్పలేదు కదా. రెండోదానికి ఇవాళ సాయంత్రానికి డెబ్బైరెండు గంటలు నిండుతాయి.”

“అప్పటిదాంక ఆగేది లేదు.”

రుచిత పుండు కడిగి, ట్యూబు మూత తీసింది. బాపిరాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు బిగుసుకుపోవడం చూసి, అప్పటిదాకా దెప్పిన వెంకటలక్ష్మే పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. మందు తగలగానే తెల్లమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. కాసేపటికి కాళ్లు చాపి పక్కకు ఒరిగింది.

“చూడండి అంకుల్. ఏమన్నా అయిందా?”

ఆయన దగ్గరికొచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, మందు రాసిన చోటు చాలాసేపు చూశాడు.

“ఎర్రబడలేదు,” అన్నాడు.

రుచితకు కోపం పోయి నవ్వొచ్చింది. “మనిషి తోలు వేరు, కుందేలు తోలు వేరు అంకుల్. మీకు పడనిది దానికి పడొచ్చు, మీకు పడ్డది దానికి పడకపోవచ్చు. ఒకరికి రాసి ఇంకొకరి సంగతి తేల్చుడేంది? గిసువంటి తెలివితక్కువ పని ఎవరు నేర్పిన్రు మీకు?”

“కంపెనీలోనమ్మా. ముప్పై ఏళ్లు నా ఉద్యోగం అదే,” అన్నాడు బాపిరాజు, తెల్లమ్మను గుండెలకు పొదువుకుంటూ.

“అక్కడ మనుషుల మందులు కుందేళ్లకు రాసి చూసేవాళ్లం.”