పెన్‌గంగ అవతల

పెన్‌గంగ వంతెన దాటగానే మహారాష్ట్ర చెక్‌పోస్టు. గేటు వేసి ఉంది. ముందు వరసగా లారీలు. జైపాల్‌రావు అంబాసిడర్‌ను వాటి వెనకాల ఆపి అద్దంలోకి చూశాడు.

వెనక సీట్లో దేవకి కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. పెదవి పగిలి ఉబ్బింది. ధర్మపురిలో బయల్దేరినప్పటినుంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

"నీళ్లు తాగుతవా బిడ్డా?"

వద్దని తలాడించింది.

ఎనభై రెండులో ఆ పెళ్లి దగ్గరుండి చేసింది జైపాల్‌రావే. కరుణాకర్‌రావు తాగి ఆమె మీద చెయ్యి చేసుకుంటున్నాడని తెలిసిన మొదట్లో, మారతాడు, జర ఓపిక పట్టమని నచ్చజెప్పిందీ ఆయనే. నాలుగేళ్లు గడిచాయి. నిన్న ఆ విరిగిన చెయ్యి చూశాక ఆయనకు ఇంక ఆ మాట నోట రాలేదు. నాగపూర్‌లో దేవకి పిన్ని ఇందిరాదేవి పేరున్న డాక్టరు. నలుగురిలో పలుకుబడి ఉన్న మనిషి. ఆమె గడప తొక్కే ధైర్యం వాడికి లేదు. అక్కడికి చేరిస్తే చాలనుకున్నాడు.

పొద్దున కారు తీస్తుంటే ఆయన భార్య జానకీబాయి వాకిట్లోకి వచ్చి నిలబడింది. పోవద్దని ఆపలేదు. పొమ్మనీ అనలేదు. వాడు అడిగితే నేనేం చెప్పాలని మాత్రం అడిగింది. జైపాల్‌రావు కారు తలుపు వేసుకున్నాడు.

ఆదిలాబాద్‌లో పెట్రోలు పోయించుకుంటుండగా దేవకి ఉన్నట్టుండి సీట్లోకి ఒరిగిపోయింది. చౌరస్తాలో ఆకుపచ్చ జీపు. నడుపుతున్నది కరుణాకర్‌రావే. తమను చూశాడో లేదో తెలియలేదు. అక్కణ్నుంచి జైపాల్‌రావు బండిని ఎక్కడా ఆపలేదు.

ఇప్పుడీ గేటు.

నాగపూర్ ఆయనకు కొత్త కాదు. కానీ ఎప్పుడు వచ్చినా బండి నడిపింది డ్రైవర్ వెంకటి. వెనక సీట్లో తను కునుకు తీస్తుంటే ఈ చెక్‌పోస్టుల తతంగమంతా వాడే చూసుకునేవాడు. ఇవాళ వెంకటిని తేలేదు. బయటి రాష్ట్రం బండికి పన్ను కట్టాలని తెలుసుగానీ ఎక్కడ, ఎట్లా కట్టాలో తెలియదు. లారీ డ్రైవర్ల వెనకాల కిటికీ ముందు నిలబడ్డాడు. ఎండ మాడు పగలగొడుతోంది. ముందున్న లారీలన్నీ వెళ్లి తీరా ఆయన వంతు వచ్చాక లోపలి గుమాస్తా కాగితాలు తిరగేసి, ముందు పోలీసు ముద్ర వేయించుకు రమ్మన్నాడు. ముద్ర లేనిదే రసీదు లేదట. రసీదు లేనిదే గేటు లేవదట.

వంతెన వైపు చూశాడు. కారు వెనక చేరిన లారీల చివర ఆకుపచ్చ జీపు ఆగి ఉంది. హారన్ ఆగకుండా మోగుతోంది.

రేకుల పందిరి కింద హవల్దారు తాపీగా చాయ్ తాగుతున్నాడు. సరిహద్దు ఊళ్లవాడు, తెలుగు వచ్చు. కాగితాలు చూసి, బండిలో ఎవరున్నారని లేచి వచ్చాడు. దేవకిని చూడగానే అతని మొహం మారింది.

చెయ్యికి ఏమైందని అడిగాడు. పడ్డానని చెప్పింది దేవకి. చెప్పీ చెప్పీ అలవాటైన మాట.

హవల్దారు ఆమె పెదవిని చూశాడు. తర్వాత జైపాల్‌రావును ఎగాదిగా చూశాడు. ఆమెను కిందికి దించి, ఆయన్ను దూరంగా నిలబెట్టి, గొంతు తగ్గించాడు.

"భయపడకు బాయీ. ఈయన ఎవరు నీకు? జబర్దస్తిగ తీస్కపోతుండా?"

"బాపు," అంది దేవకి. "మా పిన్ని దగ్గర దించి వస్తరట."

హారన్ ఆగింది. జీపు తలుపు దబ్బున పడింది. లారీల మధ్యనుంచి కరుణాకర్‌రావు తూలుతూ వస్తున్నాడు. దేవకీ అని కేక పెట్టాడు. ఆమె గబగబా కారెక్కి తలుపు వేసుకుంది.

తన ఊళ్లో జైపాల్‌రావు ఎదట అందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. ఆయన ఒకరికి దండం పెట్టడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు హవల్దారుకు పెట్టాడు.

"జర జల్ది ముద్ర కొట్టున్రి. ఆ వచ్చేటోడు ఈమె మొగడు. దొరికితె పానంతోని ఉంచడు."

హవల్దారు మరో ప్రశ్న వెయ్యలేదు. ముద్ర కొట్టి, కాగితాలు తనే పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వరసలో ఉన్న లారీ డ్రైవరొకడు గొణిగితే కళ్లెర్రజేశాడు. జైపాల్‌రావు చేతికందిన నోటు లోపలికి తోసి, చిల్లర కోసం ఆగకుండా రసీదు లాక్కున్నాడు.

కారు మొదటిసారి స్టార్ట్ కాలేదు. రెండోసారి దగ్గి ఆగిపోయింది. కరుణాకర్‌రావు కారు వెనకే ఉన్న లారీ దాటాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. గేటు మెల్లగా పైకి లేచింది.

హవల్దారు లాఠీ అడ్డం పెట్టి వాణ్ణి అక్కడే నిలబెట్టాడు. బయటి బండి, పన్ను కట్టాలి, ముద్ర కావాలి, పోయి లైనులో చివర నిలబడమన్నాడు. వాడు హవల్దారు చొక్కా పట్టుకోబోయాడు. ఇద్దరు జవాన్లు వచ్చి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

హవల్దారు కారు కిటికీలోకి వంగాడు.

"మీరు పోన్రి సాహెబ్. వీణ్ణి ఇయ్యాల లోపలేస్త. అల్లుడు గద అని రేపు మీరే వచ్చి ఇడువుమంటె మాత్రం ఇడువ."

"రాను," అన్నాడు జైపాల్‌రావు.

గేరు వేశాడు. అద్దంలో జవాన్ల చేతుల్లో గింజుకుంటున్న వాణ్ణి ఒక్కసారి చూశాడు. మళ్లీ హవల్దారు వైపు తిరిగాడు.

"కాని వాడు నా అల్లుడు కాదు, కొడుకు."