నడక పాఠం

"ఈ బొమ్మ కుడికాలు ఈడుస్తోందేంటి? నడక ఎలా చెయ్యాలో స్టెప్ బై స్టెప్ రాసిచ్చాను కదా, చదవలేదా?"

బందరు యానిమేషన్ సెంటర్లో పాఠాలు తయారుచేసే దుర్గాశ్రీనివాస్ క్లాసులో అందరి ముందూ తన విద్యార్థిని వెన్నెల మీద అరిచాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చదివానండీ. ఇంట్లో ఒకరి నడక చూసి అలాగే చెయ్యమని రాశారు. చేశాను."

"ఇలా ఎవరు నడుస్తారు? అడుగులు సమానంగా పడాలి. దిద్దు!"

వెన్నెల లేచింది.

"మా నాన్న నడుస్తారండీ. పెడనలో కలంకారీ అద్దకం చేస్తారు. లారీ గుద్ది మంచాన పడ్డాక, ఇలాగే మళ్లీ నడవడం నేర్చుకున్నారు. కావాలంటే మీ పాఠం దిద్దుకోండి. ఆయన నడక దిద్దడానికి మీరెవరు?"

శ్రీనివాస్ బదులివ్వబోయి, తెరవైపు చూసి ఆగిపోయాడు. కుడికాలు కదలకముందే బొమ్మ ఎడమ భుజం వంగుతోంది, ఒంటి బరువంతా అటు తీసుకుంటోంది. మిగతా పిల్లల బొమ్మలన్నీ గాల్లో తేలుతున్నట్టు నడిచాయి. ఇదొక్కటే నేల మీద నడుస్తోంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు మెల్లగా.

"గట్టిగా చెప్పండి సార్. అరిచింది అందరి ముందూ కదా!"

శ్రీనివాస్ క్లాసు వైపు తిరిగాడు.