తెర తాడు

"డైలాగ్! డైలాగ్ చెప్పండి మహాప్రభో!" భీమశంకరం తల పట్టుకున్నాడు.

జర్మనీ నుంచి వచ్చిన ముసలాయన వెర్నర్ చెప్పలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, రత్నమాల పక్కనున్న ఖాళీ పీట వైపు చూస్తూ నిలబడిపోయాడు.

నాటకం తెల్లదొరల కాలం నాటిది. కాలువ లాకుల దగ్గర పడవ మునిగి ఒకడు చనిపోతాడు. ఆ కబురు వాడి తల్లికి చెప్పడానికి ఇంజినీరు దొర వస్తాడు. దొరకున్నది ఒకే ఒక్క మాట.

"అమ్మా, మీ అబ్బాయి ఇక రాడు."

ఆ ఒక్క మాట కోసం నాలుగు రోజులుగా రిహార్సల్.

"మళ్లీ మర్చిపోయాడు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే," అని భీమశంకరం విసుక్కున్నాడు.

తల్లి వేషం వేస్తున్న రత్నమాల కళ్లు తుడుచుకుంది.

"ఆయన చెప్పక్కర్లేదండీ. కొడుకు కూర్చునే ఆ పీట వైపు ఆయన చూడగానే నాకు తెలిసిపోయింది."

"నీకు తెలిస్తే సరిపోదమ్మా. జడ్జీలకి తెలియాలి. డైలాగ్ మర్చిపోతే మార్కులు కోసేస్తారు."

భీమశంకరానికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టుంది. ఇరవై రెండేళ్లుగా పగలు బస్తాలు, సాయంత్రం నాటకాలు. ఏటా ఏలూరు పోటీలకు వెళ్లడం, ప్రోత్సాహక బహుమతితో తిరిగి రావడం. ఉత్తమ దర్శకుడి జ్ఞాపిక ఒక్కటి వస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేవాడు. దానికోసం షోకేసులో ఖాళీగా ఉంచిన అరలో ఇంట్లోవాళ్లు బొమ్మలు పెట్టుకుని చాలాకాలమైంది.

దొర వేషానికి నిజం దొరే దొరికాడని ఈసారి పొంగిపోయాడు. కొల్లేటి గట్టున, ఆటపాక పక్షుల కేంద్రంలో, గూడబాతులను చూస్తూ కూర్చున్న ఆయనను ఒప్పించి తీసుకొచ్చింది కాలేజీ అమ్మాయి హర్షిణి. ఏం చేసేవారని అడిగితే, "రిటైర్డ్" అని నవ్వి ఊరుకున్నాడట.

"అమ్మాయ్, ఏమీ అనుకోవద్దని చెప్పు. ఆ వేషం మన సుబ్బరాజు వేస్తాడు. ముఖానికి కాస్త పౌడరు దట్టిస్తే సరి."

హర్షిణి నసుగుతూ ఇంగ్లీషులో చెప్పింది. వెర్నర్ టోపీని జాగ్రత్తగా పీట మీద పెట్టి ఏదో అడిగాడు.

"ఇంకేదైనా పనుంటే చేస్తానంటున్నారండీ."

"తెర తాడు లాగమను. అందులో మర్చిపోవడానికేం ఉండదు."

అందరూ నవ్వారు. రత్నమాల నవ్వలేదు.

పోటీ రోజు ఏలూరులో హాలు నిండిపోయింది. సుబ్బరాజు దర్జాగా నడిచొచ్చి, గోడలు అదిరేలా డైలాగ్ కొట్టాడు. రత్నమాల "నాయనా" అని కేక పెట్టింది. ఆ కేకతో తెర పడాలి.

పడలేదు.

"లాగండి! లాగండి!" పక్కనుంచి భీమశంకరం గొంతు తగ్గించి గదిమాడు.

వెర్నర్ రెండు చేతులతో తాడు బిగించి పట్టుకుని రత్నమాలనే చూస్తున్నాడు.

తన డైలాగులు అయిపోవడంతో ఆమె మెల్లగా పీట దగ్గరకు జరిగింది. కొంగుతో దాన్ని తుడిచింది. పక్కన గ్లాసులో మంచినీళ్లు పోసి పెట్టింది. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

హాల్లో ఒక్కరూ దగ్గలేదు. అప్పుడు నెమ్మదిగా తెర దిగింది.

"కొంప ముంచాడు!" భీమశంకరం మండిపడ్డాడు. "తాడు లాగడం కూడా చేతకాని మనిషిని తెచ్చిపెట్టావు తల్లీ!"

హర్షిణి దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు అర్థమైంది. తల వంచుకుని, తాడు చుట్టచుట్టి మేకుకు తగిలించాడు.

ఫలితాలు చెప్పడానికి జడ్జి మైకు ముందుకొచ్చాడు.

"కేక పడ్డాక కూడా తెర వెయ్యకుండా ఆపారు చూడండి, ఆ నిమిషం మమ్మల్ని ఏడిపించింది. ఉత్తమ దర్శకుడు భీమశంకరం గారు! ఏవండీ, అసలా ఆలోచన మీకెలా వచ్చిందండీ?"

మైకు చేతికొచ్చింది. పక్క తెర చాటున వెర్నర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు.

"మొదట్నించీ నా మనసులో ఉన్నదేనండీ," అన్నాడు భీమశంకరం.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ మైకు అప్పటికే చెయ్యి మారింది. ఆ తర్వాత జ్ఞాపికతో అందరూ నిలబడితే ఫోటో తీసింది కూడా వెర్నరే.

మర్నాడే వెళ్లి క్షమించమని అడగాలనుకున్నాడు. కొట్లో లోడు దిగింది. ఆ మర్నాడు వెళ్లేసరికి కైకలూరు లాడ్జిలో ఆయన గది ఖాళీ.

ఇంట్లో బొమ్మలు తీసేసి జ్ఞాపిక పెట్టారు. భీమశంకరం దానికి వీపు పెట్టి భోజనానికి కూర్చునేవాడు. ఎవరైనా ఆ తెర మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. ఇరవై రెండేళ్లు కోరుకున్నది ఇంటికొచ్చి, పరాయి వస్తువులా కూర్చుంది.

నాలుగు నెలలకి ఇక తట్టుకోలేక హర్షిణిని కొట్టుకి పిలిపించాడు.

"అమ్మాయ్, ఆయనకో ఉత్తరం రాసిపెట్టు. ఆ బహుమతి ఆయనదని, నేను అబద్ధమాడానని రాయి. జ్ఞాపిక కూడా పంపించేస్తాను. అడ్రసు కనుక్కోమ్మా."

ఆయన పూర్తి పేరు అడగాలని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. హర్షిణి లాడ్జికి ఫోన్ చేసి, రిజిస్టరులోని పేరు చెప్పించుకుని, సెల్లులో వెతికింది.

"ఉత్తరం అక్కర్లేదండీ. పోయిన నెల చనిపోయారట. అక్కడి పేపర్లన్నీ రాశాయి."

భీమశంకరం ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు.

"పేపర్లు రాశాయా? ఇంతకీ ఏం చేసేవారమ్మా ఆయన?"

హర్షిణి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"యాభై ఏళ్లు నాటకాల్లో, సినిమాల్లో వేశారటండీ... ఆయన స్టేజి మీద ఏమీ మాట్లాడకుండా నిలబడే ఆ ఒక్క నిమిషం చూడడానికే జనం టికెట్లు కొనుక్కునేవారట."