అమావాస్య గుమ్మడికాయ

"సాయంత్రానికల్లా ఈ కుప్ప లేచిపోవాలి చిన్నమ్మలూ! మళ్ళీ చెప్పను!"

అనకాపల్లి బెల్లం వ్యాపారి భీమశంకరరావు కొట్టు వెనక గుమ్మంలో నిలబడి, ముక్కుకి తుండు అడ్డం పెట్టుకుని గోడ మీంచి అరిచేడు. గోడవతల ఖాళీ జాగా ఆయనదే. వీధిలో ఇళ్ళవాళ్ళు పారేసే కూర తొక్కలూ, మిగిలిన అన్నమూ తెచ్చి చిన్నమ్మలు అక్కడ ఎరువు చేస్తోంది. ఎస్. రాయవరం చెరకు రైతులు ఆటోలు కట్టించుకొచ్చి మరీ పట్టుకెళ్తున్నారు. ఆ జాగా పోతే ఆమె పొయ్యిలో పిల్లి లేవదు.

"వాసనేటైనా వత్తందా బాబూ? తుండు తీసి సూడండి" అంది చిన్నమ్మలు.

"వాసన గొడవ కాదు! కొట్టు వెనక చెత్తుంటే లక్ష్మి నిలుస్తుందా?"

"ఈయేడు బేరాలు బాగున్నాయని మీరే కదండీ అందరికీ సెప్తన్నారు?"

"అది నా గుమ్మడికాయ మహిమ!"

ఆయన పిచ్చి ఆయనది. అమావాస్య నాడు కొట్టుకి దిష్టి తీసి నడిరోడ్డు మీద బూడిద గుమ్మడికాయ పగలగొట్టకపోతే ముద్ద దిగదు మహానుభావుడికి.

"ఈమధ్య మా ఆవిడ తెస్తున్న కాయలున్నాయి చూడూ... అబ్బ! అవి కొట్టడం మొదలెట్టేకే బేరాలు పుంజుకున్నాయి. తులసీ! ఇవాళ్టి కాయ తెచ్చేవా?"

భార్య రామతులసి కాయతో వచ్చింది. "ఇదే ఆఖరుదండీ. ఈ కాయలు కాసే పాదు పీకించేస్తున్నారట."

భీమశంకరరావు గుండె గుభేలుమంది. "పీకించడమేటి? ఎవడాడు?"

"జాగా గలాయన. మహా మొండోరు బాబూ" అంది చిన్నమ్మలు.

"ఎంత మొండాడైనా సరే, ఆ పాదు మీద ఎవడూ చెయ్యెయ్యకుండా నేను చూస్తాను!" పక్కనున్న బెల్లం దిమ్మ మీద చెయ్యేసి ఒట్టు పెట్టేడు.

చిన్నమ్మలు గోడకున్న చిన్న తలుపు అవతల్నించి తీసింది. ఎరువు కుప్ప పక్కనుంచి పాకి, అటువైపు గోడంతా అల్లుకుపోయింది పాదు. ఆకుల సందుల్లో ఎక్కడ చూసినా కాయలే. భీమశంకరరావు తుండు జారి కింద పడింది.

రామతులసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఇంత మంచి విత్తనం ఎక్కడిదే?" నీరసంగా అడిగేడాయన.

చిన్నమ్మలు ముఖం వెలిగిపోయింది. "అమావాస్యకి మీరు రోడ్డు మీద కొట్టిన ముక్కలు ఎవులూ ముట్టుకోరని, నానే ఏరి ఈ కుప్పలో ఏసేను బాబూ. మీరు తీసి పారేసిన దిష్టే ఇలా మొలిసి, మళ్ళీ మీ కొట్లోకే వత్తంది!"