ఒంటివేలి పెద్దాయన

లాయర్ల లైబ్రరీలో అందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. ఆ మధ్యాహ్నం దాని ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేస్తోంది. ఒక అక్షరం వెతుక్కోవడం, నొక్కడం, అది తెరమీద పడిందో లేదో తలెత్తి చూసుకోవడం. మళ్లీ ఇంకో అక్షరం కోసం వేట.

వెనక నిలబడ్డ లాయరమ్మకి ఒళ్లు మండింది. సాయంత్రంలోగా ఒక పిటిషన్ ఆన్‌లైన్‌లో వెయ్యాలి. తన లాప్‌టాప్ చూస్తే రిపేరులో ఉంది.

"ఇంకా ఎంతసేపండీ?"

"అయిపోవచ్చిందమ్మా," అన్నాడాయన, తల తిప్పకుండానే.

పావుగంట గడిచింది. ఈయనకంటే నత్త నయం అనుకుని, ఊరికే ఉండలేక ఫోన్ తీసి పక్కనుంచి ఒక ఫోటో తీసింది. బట్టతల, బిగించిన మూతి, గాల్లో ఆగిన వేలు, అన్నీ చక్కగా పడ్డాయి. తర్వాత బల్లమీద టకటకా కొట్టింది.

ఆయన కంగారుగా లేచాడు. మిగిలింది రేపు చేసుకుంటానని చెప్పి కుర్చీ ఆమెకు వదిలేశాడు.

లాయరమ్మకి ఒక బ్లాగు ఉంది. పేరు 'నల్లకోటు'. ఆ పేరు వెనక ఉన్నది తనేనని మూడో కంటికి తెలియదు. కొత్త తీర్పుల్ని మామూలు జనానికి అర్థమయ్యేలా విడమరిచి రాస్తుంది. చదివేవాళ్లు వేలమంది.

ఆ ఫోటోని నల్లకోటు పేజీలో పెట్టి, కింద ఇలా రాసింది: 'వాయిదాలు ఎందుకు పడతాయో ఇప్పుడు అర్థమైందా?'

పొద్దుగూకేసరికి ఫోటో ఊరూవాడా తిరిగింది. ఎవరో ఆ వేలికి పాట కలిపి వీడియో చేశారు. ఇంకెవరో 'ఒంటివేలి తాత' అని పేరు పెట్టారు. లాయరమ్మ ఆ నవ్వులన్నీ చూసుకుని మురిసిపోయింది.

అదేరోజు పొద్దున ఆమె బ్లాగులో ఒక తీర్పు గురించి రాసి ఉంది. ఖాళీ చెయ్యమనే నోటీసును ఫోన్ మెసేజ్‌గా పంపితే చెల్లదని చెప్పిన తీర్పు అది. ఊరికే రాయలేదు. ఆమె దగ్గర ఒక టైలరమ్మ కేసు ఉంది. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్న కొట్టును ఖాళీ చెయ్యమని యజమాని ఫోన్‌లోనే నోటీసు పంపాడు.

కోర్టులో వాడబోయే తీర్పును ముందు బ్లాగులో పెట్టడం ఆమెకి అలవాటు. 'పాత పాఠకుడు' అన్న పేరుతో ఎవరో కింద వ్యాఖ్య రాసేవారు. 'దీన్ని పై కోర్టు కొట్టేసింది, చూసుకోగలరు' అని ఒకసారి. 'మీరు రాసింది వాది లాయరు అన్న మాట, జడ్జిగారి మాట కాదు' అని ఇంకోసారి. ఆ మాట ఏనాడూ తప్పలేదు. ఎవరో రిటైరైన జడ్జిగారై ఉంటారని ఆమె నమ్మకం. ఆయన ఏమీ అనలేదంటే తీర్పు గట్టిదని అర్థం. మూడేళ్లుగా కోర్టులో ఆమె పరువు నిలిచింది ఆ చలవతోనే.

ఈసారి పదిరోజులు గడిచినా పాత పాఠకుడు ఏమీ అనలేదు.

ఇక ఢోకా లేదనుకుంది.

"మీ కొట్టు ఎక్కడికీ పోదక్కా," అని టైలరమ్మకి మాటిచ్చింది. అద్దె రశీదులు పెట్టి ఇంకో వాదన కూడా చేద్దామనుకున్నది కాస్తా మానేసింది. ఆ ఒక్క తీర్పూ పట్టుకుని కోర్టుకి వెళ్లింది.

అవతలి లాయరు నింపాదిగా లేచి జడ్జిగారికి ఒక కాగితం అందించాడు. ఆమె నమ్ముకున్న తీర్పును పై కోర్టు రెండు నెలల కిందటే కొట్టేసింది.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని జడ్జిగారు అడిగారు. రశీదులు ఆమె దాఖలే చెయ్యలేదు.

కొట్టు ఖాళీ చెయ్యడానికి నెలరోజులు గడువిచ్చారు. టైలరమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మెట్లు దిగుతూ మాత్రం అడిగింది.

"ఒప్పుకున్న బట్టలు చాలా ఉన్నాయమ్మా. నెలలో అవుతాయంటావా?"

లాయరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరికీ మొహం చూపించలేక లైబ్రరీలోకి వెళ్లి కూర్చుంది.

కేసు సంగతి అప్పటికే లైబ్రేరియన్ చెవిన పడింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ఆ పెద్దాయన ఉంటే ముందే చెప్పేవారమ్మా," అన్నాడు.

ఏ పెద్దాయన అని అడిగింది.

కోర్టు నకళ్ల విభాగంలో నలభై ఏళ్లు గుమాస్తాగా చేసినాయనట. తీర్పు నకలును అసలుతో అక్షరం అక్షరం పోల్చి చూడటమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి కొత్త తీర్పులన్నీ చదివేవారట. ఎవరో ఆయన టైపు చేస్తుండగా ఫోటో తీసి నవ్వులపాలు చేశారు. మనవరాలి క్లాసులో పిల్లలు కూడా ఆ వీడియో చూశారు. మర్నాడే ఆయన లైబ్రరీ కార్డు తిరిగిచ్చేశారు.

"ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగింది.

"ఇంట్లోనే ఉన్నారు. నేను రెండుసార్లు వెళ్లాను, బయటికి రాలేదు. చివరిరోజు కూడా మీ ఈ నోటీసు తీర్పు గురించే రాస్తూ, ఎవరో తొందరపెడితే సగంలో లేచిపోయారమ్మా."

"ఎవరికి రాస్తూ?" అని అడిగింది, జవాబు వినాలని లేకపోయినా.

"ఎవరో నల్లకోటు అట. ఆ రాసేవాళ్లకి మంచి చెయ్యి ఉంది, తప్పు దొర్లితే దాన్ని నమ్ముకున్నవాళ్లు మునిగిపోతారు అని, బతుకంతా కలంతోనే రాసిన మనిషి అరవై ఏడేళ్ల వయసులో నా పక్కన కూర్చుని టైపు నేర్చుకున్నారమ్మా."