అన్నయ్యతో వాదన

అన్నయ్య పాస్టరు, నేను డాక్టర్ని. భోజనాల దగ్గర కూర్చుంటే చాలు, అద్భుతాల మీద ఇద్దరికీ పేచీ. సముద్రం చీలిందని తనంటే, గాలికి నీళ్లు వెనక్కి పోయి ఉంటాయని నేను. చనిపోతే యేసు బతికించి లేపిన చిన్నపిల్ల కథ దగ్గరైతే అస్సలు తగ్గేవాణ్ణి కాదు.

"పాప నిద్రపోతోందని ఆయనే చెప్పాడు కదా! అది కోమా. మీరే దాన్ని అద్భుతం చేశారు."

"నిజంగానే చనిపోయిందిరా. ఒక్కసారి ఒప్పుకోరా, మొండివెధవా!"

అన్నయ్య కూతురు మంచినీళ్లు పోస్తూ నవ్వేది. "బాబాయ్, నాన్నకి బీపీ పెంచకు."

ఇవాళ ఆ పిల్ల నా వార్డులోనే వెంటిలేటరు మీద ఉంది. రోడ్డు దాటుతుంటే వ్యాను గుద్దింది. మెదడు పూర్తిగా చచ్చిపోయిందని పరీక్షలన్నీ తేల్చేశాయి. ఇక మిషను ఆపాలని అన్నయ్యకి చెప్పాల్సింది నేనే.

నేను నోరు తెరవకముందే అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒళ్లు వెచ్చగానే ఉందిరా. గుండె కొట్టుకుంటోంది. నువ్వు చెప్పిందే నిజం. అప్పుడా పాపకి వచ్చింది కోమాయే. మన పిల్లకీ అదే కదరా? లేస్తుంది కదా?"

బల్లగుద్ది వాదించే మనిషి, నా నోటివంక బిచ్చగాడిలా చూస్తున్నాడు.

"అది కోమా కాదన్నయ్యా," అన్నాను. "అప్పుడా పాప నిజంగానే చనిపోయింది. అది అద్భుతమే."

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట ఒప్పుకోమనే నాతో పోట్లాడిన అన్నయ్య, "అనకురా, అలా అనకు" అంటూ అరచేత్తో నా నోరు మూసేశాడు.