సొరంగంలో హాజరు

సాలూరు దాటాక కొండ సొరంగం వస్తుందని మా చెల్లెలి పిల్లలు పొద్దుటి నుంచి గంతులేస్తున్నారు. మేం చేరేసరికి చీకటి పడింది. కారు దిగగానే యమున, "బడిలో లాగ హాజరు పిలు మావయ్యా, సొరంగం మల్లీ పలుకుతాది" అంది.

"యుగంధర్," అన్నాను.

"ఉన్నాను."

గోడలు కూడా ఉన్నానన్నాయి. పిల్లలు పడీపడీ నవ్వారు.

"యమున."

"ఉన్నాను."

మూడో పేరు దగ్గర ఆగిపోయాను. ఇలా హాజరు పిలిచిన ప్రతి ప్రయాణంలోనూ అది మా అమ్మాయి గౌరిది. నిరుడు జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ పేరు నేను పలకలేదు. ఇప్పుడూ పలకలేదు.

"ఉన్నాను నాన్నా," అని లోపలినుంచి ఒక్కసారే వినిపించింది.

పిల్లలు భయపడలేదు. యమున నా చెయ్యి ఊపుతూ సంబరంగా, "పేరెట్టి పిలు మావయ్యా, వచ్చేస్తాది" అంది.

నేను నోరు తెరిచాను.